ముందు తీసిన రక్తం

కుందేలక్కకి ఆ పేరు ఎవరు పెట్టారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. పెట్టినవాళ్లు చదువు ముగించుకుని ఎటో వెళ్లిపోయారు, పేరు మాత్రం ఆమెకి అంటుకుపోయింది. హాజరుపట్టీలో నిక్షేపంలాంటి అసలు పేరుంది. ఆ పేరుతో పిలిస్తే ఆమే వెంటనే పలకదు, ఎవరినో అనుకుని పక్కకి చూస్తుంది. ఆ పరిశోధనశాలలో ఆమె టెక్నీషియన్. చేరి ఇరవై నాలుగేళ్లు. వయసు యాభై మూడు. జుట్టు సగం నెరిసింది, చూపు మాత్రం ఇంకా సూదిలో దారం ఎక్కించేంత బాగుంది.

ఆ పేరుకి కారణమైన కుందేలు పోయి కూడా ఇరవై ఏళ్లు దాటింది. దాని సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకు కదలదు గనక చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

మనిషి తిన్నాక పేగుల్లోంచి ఒక హార్మోన్ బయల్దేరుతుంది. "ఇక చాలు, లేచి చెయ్యి కడుక్కో" అని ఒంటికి చెప్పడం దాని పని. ఆ మాట వినడానికి కొన్ని కణాల మీద రిసెప్టర్ అని ఒకటి ఉంటుంది. అది మామూలుగా కంటికి కనబడేది కాదు. చూడాలంటే దానికి మాత్రమే అంటుకునే యాంటీబాడీ కావాలి. అది అంటుకున్న చోట గోధుమరంగు మచ్చ తేలేలా చేస్తారు. ఇరవై రెండేళ్ల క్రితం ఆ ల్యాబుకి పెద్ద అయిన ప్రొఫెసరుగారు, అందరూ పెద్దసారు అంటారు, ఆ రిసెప్టర్‌లో చిన్న ముక్కని తయారు చేయించి ఒక కుందేలుకి ఇంజక్షన్లుగా ఇప్పించారు. తెల్లటి ఆడ కుందేలు, మహా పెంకిది, ఇద్దరు పట్టుకుంటే గానీ లొంగేది కాదు. కుందేలక్క మాత్రం ఒక్కతే ఒళ్లో పెట్టుకుని చెవి నిమిరితే కిక్కురుమనకుండా సూది పొడిపించుకునేది. కొన్ని నెలలకి దాని రక్తంలో యాంటీబాడీ తయారైంది.

దాంతో మూత్రపిండం ముక్కల్ని తడిపి చూస్తే, ఎవరూ ఊహించని చోట, లోపలి సన్నటి నాళాల అంచున గోధుమరంగు తేలింది. "కడుపు చెప్పే మాట మూత్రపిండం కూడా వింటోందే!" అని పెద్దసారు కుర్చీలోంచి లేచి గంతేసినంత పని చేశారు. వ్యాసం అచ్చయింది, పేరొచ్చింది. దేశదేశాల ల్యాబుల వాళ్లు మాకూ ఒక చుక్క పంపండంటూ రాయడం మొదలుపెట్టారు.

పంపే పని కుందేలక్కది. చిటికెనవేలి గోరంత ట్యూబులో కొలిచి పోయడం, ఐసు పెట్టెలో సర్దడం, వెంట ఒక కాగితం పెట్టడం. ఆ కాగితం మీద ఎన్ని నీళ్లు కలపాలి, ఎంతసేపు ఉంచాలి అని రాస్తే చాలు. కానీ ఈవిడ అక్కడితో ఆగే మనిషి కాదు. కింద ఇంకో నాలుగు ముక్కలు చేర్చేది. ఈ వారం మా ఫ్రీజర్ మొరాయించింది, ట్యూబులన్నీ ఒళ్లో పెట్టుకున్నంత పని చేశాను. మా కిటికీ అవతల పావురం గుడ్లు పెట్టింది, దాని భయానికి కిటికీ తెరవట్లేదు. ఇలాంటివి. అందుకున్నవాళ్లు మొదట తెల్లబోయి, తర్వాత నవ్వుకుని, జవాబు రాసేవారు. పావురం ఎలా ఉంది అని అడిగేవారు.

అలా నలభై ఒక్క చిరునామాలు పోగయ్యాయి. ఆమెకి బంధువులంటే నిజానికి వాళ్లే. అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. తమ్ముడు మూడు వీధుల అవతలే ఉంటాడు. ఏడాదికి రెండుసార్లు వస్తాడు, కుర్చీ అంచున కూర్చుంటాడు, "ఏంటక్కా, అంతా బాగేనా" అంటాడు, బాగే అనగానే లేస్తాడు. ఇంట్లో రెండు గదులు, రెండు కంచాలు. రెండో కంచం గిన్నె మీద మూతకి పనికొస్తోంది. సాయంత్రం తలుపు తీసుకుని లోపలికెళ్తే పొద్దున ఏది ఎక్కడ వదిలిందో అది అక్కడే ఉంటుంది. దానికే ఆమెకి ఒళ్లు మండేది. "కనీసం ఒక్క చెంచా అయినా కదలకూడదూ!" అని పైకే అనేది ఒక్కోసారి.

ఆ నలభై ఒక్కమందిలోనూ ఒకాయన వేరు. చాలా దూరాన చిన్న ఊళ్లో చిన్న ల్యాబు. మొదటి ఉత్తరం నిండా వాళ్ల ఊళ్లో విడవకుండా పడుతున్న ముసురు గురించే రాశాడు గనక ఆమె మనసులో ఆయనకి ముసురాయన అని పేరు పెట్టుకుంది. పదిహేనేళ్లుగా ఆరు నెలలకోసారి ఠంచనుగా, "యాంటీబాడీ అయిపోయింది, ఇంకొంచెం పంపగలరా, మీరెలా ఉన్నారు" అని రాస్తాడు. ఎన్నడూ చూసుకోలేదు, గొంతు కూడా వినలేదు. అయినా ఆయన ఉత్తరం రావలసిన నెలలో కుందేలక్క పొద్దున్నే తపాలా డబ్బా దగ్గర ఏదో పని కల్పించుకునేది.

ఇక హడావిడి గురించి. నాలుగేళ్ల క్రితం పరిశోధనకి చేరిన అమ్మాయి. నడిచే చోట పరిగెత్తుతుంది, పరిగెత్తే చోట జారిపడుతుంది, అందుకే ఆ పేరు. ఆ మూత్రపిండంలోని రిసెప్టర్ అక్కడ ఏం చేస్తోంది అన్నదే ఆమె సిద్ధాంతగ్రంథం. నాలుగేళ్లు రెక్కలు ముక్కలు చేసుకుంది. అంతా అయ్యాక చివర్లో ఒక చిన్న పరీక్ష మిగిలింది. ఆ రిసెప్టర్ పుట్టుకతోనే లేని ఎలుకలుంటాయి, కావాలనే అలా పుట్టిస్తారు. వాటి మూత్రపిండాన్ని ఇదే యాంటీబాడీతో తడిపితే మచ్చ రాకూడదు. లేనిదానికి మచ్చెలా వస్తుంది? తెల్లగా ఉన్న ఆ బొమ్మ ఒకటి తీసి గ్రంథంలో అతికిస్తే పనైపోయినట్టే. వేరే ల్యాబు వాళ్లని ఏడాదిపాటు బతిమాలితే ఆ ముక్కలు, పోల్చి చూసుకోవడానికి మామూలు ఎలుకలవీ, ఒకే పెట్టెలో వచ్చాయి.

తడిపింది. మచ్చ వచ్చింది. ఉండాల్సినంతా, ఉండాల్సిన చోటే, నిక్షేపంగా.

మళ్లీ చేసింది, మళ్లీ వచ్చింది. పదకొండుసార్లు చేసింది. కుందేలక్క చేత కూడా చేయించింది. ఆవిడ చేతిలో ఇంకా ముచ్చటగా వచ్చింది.

పెద్దసారు స్లైడ్లు చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"పెట్టె విప్పింది ఎవరు?"

"నేనే సార్."

"రెండు రకాల ముక్కలూ ఒకే రోజు విప్పావా?"

"అవును సార్. ఆ రోజు కొంచెం తొందరలో ఉండి..."

"ఏ రోజు లేవమ్మా నువ్వు తొందరలో?" అన్నారాయన. అరవలేదు, అరిచినా బాగుండేది. "చీటీలు తారుమారు చేసుంటావు. మామూలు ఎలుకలవి తీసుకుని లేనివాటివి అనుకుంటున్నావు. ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న యాంటీబాడీని అనుమానించాలా, నిన్ను అనుమానించాలా? నువ్వే చెప్పు."

ఆ పిల్ల ఏం చెబుతుంది? తన సంగతి తనకి తెలుసు. తాళంచెవి తలుపుకే వదిలేసి ఊరంతా వెతికే రకం. తనే కలిపేసి ఉంటాననుకుంది. మళ్లీ ముక్కలు తెప్పించాలంటే ఇంకో ఏడాది, అడిగే ముఖం లేదు. గాజుసామాను కడిగే గదిలోకెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడు కింద ఏడ్చింది. వెనకాలే కుందేలక్క వెళ్లింది.

"అక్కా, నేనే కలిపేసి ఉంటాను కదా?"

"ఏమోనమ్మా. ఎవరికి తెలుసు?"

"నాకీ పని చేతకాదక్కా. మా నాన్న అన్నాడు, నీ తొందరకి ఈ చదువు పనికిరాదే అని. సోమవారం పెద్దసారుకి కాగితం రాసిచ్చి వెళ్లిపోతాను."

"పిచ్చిదానా, తొందరపడకు" అని వీపు నిమిరింది కుందేలక్క.

ఎవరికి తెలుసట! తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంది, ఆ ఒక్కతీ ఆ పిల్ల వీపు మీద చెయ్యేసి నిలబడింది.

కుందేలుకి ఇంజక్షన్ ఇచ్చే ముందు, ఇంకా ఏమీ ఇవ్వకముందే, దాని రక్తం కొంచెం తీసి దాస్తారు. ముందు రక్తం అంటారు దాన్ని. దాంతో కూడా ముక్కని తడిపి, మచ్చ రాలేదని తేల్చుకోవాలి. అప్పుడే తర్వాత వచ్చే మచ్చ ఇంజక్షన్ వల్ల పుట్టిన యాంటీబాడీదని అర్థం. ముందే ఉంటే అది కుందేలు సొంతం. ఏ గడ్డి తిన్నప్పుడో ఏ జబ్బు చేసినప్పుడో దాని రక్తం తయారుచేసుకున్న ఇంకేదో అన్నమాట. ఈ పనిలో ఓనమాలు దిద్దినవాళ్లకి కూడా తెలిసిన సంగతి ఇది. ఇరవై రెండేళ్ల నాటి రికార్డు పుస్తకంలో ఆ తేదీ కింద కుందేలక్క గుండ్రటి చేతిరాతలో రెండే మాటలున్నాయి. "మచ్చ లేదు."

ఆ పరీక్ష ఆమె చెయ్యలేదు.

ఎందుకు చెయ్యలేదంటే సినిమాకి వెళ్లాలని. నవ్వకండి. అప్పుడు ముప్పై ఒక్కేళ్లు ఆమెకి. మైక్రోస్కోపులు బాగుచెయ్యడానికి ఒక మెకానిక్ వచ్చి మూడు రోజులున్నాడు. పొడుగ్గా, నెమ్మదిగా ఉండేవాడు. "ఈ ల్యాబు మొత్తంలో మీ మైక్రోస్కోపు ఒక్కటే శుభ్రంగా ఉందండీ" అన్నాడు. ఆ మాట ఆమెకి అంతకుముందు ఎవరూ అనలేదు. మూడో రోజు, సాయంత్రం ఆటకి వస్తారా అని అడిగాడు. పరీక్ష ముగించాలంటే రాత్రి దాకా అవుతుంది. ఎలాగూ మచ్చ రాదు కదా, రేపు చేద్దాంలే అనుకుని, రెండు మాటలు రాసేసి, ముఖం కడుక్కుని పరిగెత్తింది.

మెకానిక్ వచ్చాడు. వాళ్లమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ ఇద్దరి మధ్యా కూర్చుంది. విశ్రాంతి వేళ, "కుందేళ్లని ముట్టుకుంటావటగా? చేతులు వాసనెయ్యవూ?" అని అడిగింది. ఆటయ్యాక ఇద్దరూ ఆటో ఎక్కి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది మైక్రోస్కోపులు చూడ్డానికి వేరే మెకానిక్ వచ్చాడు.

మర్నాడు ఆ పరీక్ష చెయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు. ఆ మర్నాడు ఇంజక్షన్. తర్వాత మచ్చ అద్భుతంగా రావడం, పెద్దసారు గంతెయ్యడం. ఇక ఆ తర్వాత చెయ్యడమంటే తను రాసిందాన్ని తనే అనుమానించడం. మర్చిపోయింది అంటే అబద్ధం. ఏడాదికోసారి ఫ్రీజర్ సర్దేటప్పుడు, అడుగు అరలో ఆ ట్యూబు చేతికి తగిలేది. తీసి, మంచు తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేది.

శనివారం మధ్యాహ్నం అందరూ వెళ్లిపోయాక ఆ ట్యూబు బయటికి తీసింది. మామూలు ఎలుక మూత్రపిండం ముక్కలతో మూడు స్లైడ్లు పెట్టింది. ఒకదాని మీద ముందు రక్తం, ఒకదాని మీద తర్వాత తీసిన రక్తం, ఒకదాని మీద ఉత్త ఉప్పునీళ్లు. ఇరవై రెండేళ్ల క్రితం చెయ్యాల్సిన వరసలోనే చేసి, తడి డబ్బాలో ఉంచి ఇంటికెళ్లింది.

ఆదివారం పొద్దున ల్యాబులో ఫ్రీజర్ల రొద తప్ప ఏమీ లేదు. స్లైడ్లు కడిగి రంగు వేసి గడియారం చూస్తూ కూర్చుంది. మూడో నిమిషం దాకా ఏమీ లేదు. ఆమెకి కొంచెం ఊపిరాడింది. నాలుగో నిమిషంలో రెండు స్లైడ్లూ ఒకేసారి రంగెక్కాయి. మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. అవే నాళాలు, అవే అంచులు, అదే గోధుమరంగు. ఉప్పునీళ్లది మాత్రం తెల్లగా ఉంది.

"ఛీ" అంది పైకే. "ఛీ ఛీ ఛీ."

అంటే ఆ కుందేలు ఈ ల్యాబు గడప తొక్కేనాటికే దాని ఒంట్లో ఆ మచ్చ సిద్ధంగా ఉంది. ఇచ్చిన ఇంజక్షన్లన్నీ దండగ. ఇరవై రెండేళ్లుగా లోకమంతా చూసింది పేగు హార్మోను రిసెప్టర్‌ని కాదు. మరి దేన్ని? దేవుడికే తెలియాలి. ఆమె నలభై ఒక్క ఇళ్లకి ఐసులో పెట్టి, పావురం కబుర్లు జోడించి పంపింది ఒక పెంకి కుందేలు సొంత గొడవని.

చాలాసేపు కూర్చుంది. ఈ మాట చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేదు. తమ్ముడికి చెబితే "అలాగా అక్కా" అంటాడు. అప్పుడు ఆమె మనసులోకి ఒక ఆలోచన వచ్చింది, వచ్చిందని దాచడమెందుకు? ఈ ట్యూబుని సింకులో ఒంపేస్తే ఎవరికీ తెలియదు. ఆ పిల్ల సోమవారం వెళ్లిపోతుంది, చిన్న వయసు, ఎక్కడో అక్కడ బతుకుతుంది. పెద్దసారు రెండేళ్లలో రిటైరవుతారు. ట్యూబులు వెళ్తూనే ఉంటాయి, ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. చెబితే మాత్రం ఇంకెవరూ ట్యూబు అడగరు. ట్యూబు అడగకపోతే ఉత్తరమెందుకు రాస్తారు? ఆమెకి ఈ లోకంలో ఉన్నవల్లా ఆ ఉత్తరాలే. అవి పోతే ఆ రెండు గదులే, ఆ కదలని చెంచాలే.

ట్యూబు పట్టుకుని సింకు దాకా వెళ్లింది. మూత కూడా తీసింది.

సింకు పక్కన బల్ల మీద హడావిడి రికార్డు పుస్తకం తెరిచే ఉంది. మూసిపెట్టే అలవాటు ఎలాగూ లేదు. పదకొండుసార్లు చేసిన పరీక్షా అందులో ఉంది. ఒక్కోదాని కింద కోడిగీతల్లాంటి రాతలో, "మచ్చ వచ్చింది." "మళ్లీ వచ్చింది." "నీళ్లు కొత్తవి కలిపాను, అయినా వచ్చింది." పదకొండో దాని కింద, "మచ్చ వచ్చింది. తప్పు నాదే కావచ్చు."

కావాలంటే ఆ పిల్ల కూడా "మచ్చ లేదు" అని రాసేసుకోవచ్చు. ఎవరడుగుతారు? ఒక తెల్లటి బొమ్మ ఎక్కడిదో అతికించి, పట్టా పుచ్చుకుని, చక్కా పోవచ్చు. ఆ ఆలోచనే దానికి రాలేదు. కుందేలక్కకి సిగ్గుతో ముఖం చెవుల దాకా వేడెక్కింది. ట్యూబుకి మూత పెట్టేసింది.

సోమవారం పొద్దున్నే, హడావిడిని చెయ్యి పట్టుకుని పెద్దసారు గదిలోకి తీసుకెళ్లింది. మూడు స్లైడ్లూ బల్ల మీద పెట్టింది. ఏది ఏదో చెప్పింది. ఆయన ఒక్కొక్కటే చూశారు, మళ్లీ మొదటి నుంచి చూశారు.

"ముందు రక్తం పరీక్ష అప్పుడే చేశావు కదా?"

"లేదు సార్."

"పుస్తకంలో రాసుందే."

"రాశాను సార్. చెయ్యలేదు."

"ఎందుకని?"

"సినిమాకెళ్లాలని."

"మచ్చ లేదు" అన్న ఆ రెండు మాటల మీద పెద్దసారు ఇరవై రెండేళ్ల పేరు నిలబడి ఉంది. కిటికీ దగ్గరకెళ్లి వీపు తిప్పుకుని నిలబడ్డారు. కొంతసేపటికి, "నేనైనా ఒక్కసారి అడిగి చూడాల్సింది, చూపించమని" అన్నారు. ఆయనలో ఏదో ఒకటి కుంగిపోయిందని మాటలోనే తెలిసింది.

హడావిడి మాత్రం ముందు నవ్వింది. "అయితే నేను కలపలేదన్నమాట! అక్కా, నేను కలపలేదు!" అని కుందేలక్క భుజాలు పట్టుకుని ఊపేసింది. ఊపుతూ ఊపుతూ ఆగిపోయింది. తను కలపలేదు గానీ, మూత్రపిండంలో ఆ రిసెప్టరే లేదు. లేనిది ఏం చేస్తోందని నాలుగేళ్లు వెతికింది. నెమ్మదిగా చేతులు దించేసి కుర్చీలో కూర్చుంది.

"వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని నేను రాస్తాను" అన్నారు పెద్దసారు. "ట్యూబులు అందుకున్నవాళ్లకి నువ్వే రాయి. పంపింది నువ్వు. ఈ పిల్లకి వేరే పని చూస్తాను, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. వేరే దారి లేదు."

కుందేలక్క నలభై ఒక్క ఉత్తరాలు చేత్తోనే రాసింది. టైపు చేసి ఒకేసారి అందరికీ కొట్టేయొచ్చు, మనసొప్పలేదు. సినిమా సంగతి కూడా రాసింది, దాచలేదు. పావురాల గురించి, ఫ్రీజర్ గురించి ఒక్క ముక్క రాయలేదు. మీ పని పాడుచేశాను, క్షమించండి అని ముగించింది.

జవాబులు రావనుకుంది. మూడు వారాల్లో పద్నాలుగు వచ్చాయి. మొదటిది చింపింది. "మీ నిజాయితీకి ధన్యవాదాలు. మాకు ఎప్పుడో అనుమానం వచ్చి వాడటం మానేశాం" అని ఉంది. రెండోదీ ఇంచుమించు అదే. మూడోది, నాలుగోది. ఒకరు నాలుగేళ్ల క్రితమే తేల్చుకున్నారు. ఒకరు ఏడేళ్ల క్రితం. ఆ రిసెప్టర్ లేని ఎలుకలు వీళ్ల దగ్గరకి ఇప్పుడొచ్చాయి గానీ, వేరేవాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. అందరికీ తెలుసు. ఒక్కరూ చెప్పలేదు. తమ పనిలోంచి దాన్ని తీసి పక్కన పెట్టేసి, మర్యాదగా ఊరుకున్నారు. ఆమె మాత్రం పండగొచ్చినట్టు ఐసు పెట్టెలు సర్దుతూ కూర్చుంది. తలకొట్టేసినట్టయింది ఆమెకి. బంధువులనుకున్నవాళ్లంతా తన వెనక తలుపేసుకుని మాట్లాడుకున్నారన్న బాధ కలిగింది.

ముసురాయన దగ్గర నుంచి ఏమీ రాలేదు. నాలుగో వారం ఒక మధ్యాహ్నం ల్యాబులో ఫోను మోగింది. ఆమే తీసింది.

"నేనండీ. మా ఊళ్లో ముసురు..." అంది అవతలి గొంతు. అనుకున్నదానికన్నా పెద్దవయసు గొంతు, కొంచెం బొంగురు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఉత్తరం అందిందా అండీ?"

"అందింది. మూడుసార్లు రాద్దామని కూర్చున్నాను. రాయలేక ఫోను చేశాను." అన్నాడాయన. "మీకో మాట చెప్పాలి. ఆ యాంటీబాడీ పనిచెయ్యదని నాకు ఆరేళ్ల క్రితమే తెలుసు."

"మీకు కూడానా" అంది ఆమె. "మరి ఆరేళ్లుగా అడుగుతూనే ఉన్నారే. మొన్న వేసవిలో కూడా పంపాను."

"అన్నీ ఉన్నాయండీ. పన్నెండు ట్యూబులు. మూత కూడా తియ్యలేదు. మా ఫ్రీజర్లో వరసగా పెట్టుకున్నాను."

"ఎందుకండీ మరి?"

"పనిచెయ్యట్లేదని చెబితే మీరు పంపడం మానేస్తారు. పంపడం మానేస్తే ఆ కాగితం రాదు కదా." ఆయన నవ్వబోయి ఊరుకున్నాడు. "నాకా సంగతి తెలిసింది నా భార్య పోయిన ఏడే. ఇంట్లో ఎవరూ లేరు. ఇంకెవరూ నాకు పావురాల గురించి రాయరండీ."

ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషమే, కాదనడానికి లేదు. పదిహేనేళ్లుగా తపాలా డబ్బా దగ్గర పని కల్పించుకున్న మనిషికి, అవతల కూడా ఒక మనిషి అలాగే నిలబడ్డాడని తెలిస్తే సంతోషం కాక మరేమిటి? కానీ ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. గది అవతలి మూల హడావిడి కొత్త పెట్టె విప్పుతోంది. ఇప్పుడు పరిగెత్తట్లేదు. ఒక్కో చీటీ రెండుసార్లు చదివి, వేలితో గీత గీసినట్టు చూసుకుని, పక్కన పెడుతోంది.

"ఇక్కడ ఒక పిల్ల ఉందండీ" అంది కుందేలక్క. "మీకు తెలిసి రెండేళ్లయ్యాక చేరింది."

"నాకు తెలీదండీ" అన్నాడాయన.

"నాకు తెలుసు" అంది ఆమె. "నాకు తెలిసే ఊరుకున్నాను. మిమ్మల్ని అనడానికి నాకు నోరు లేదు." అని ఫోను పెట్టేసింది.

హడావిడి తల తిప్పి చూసింది. "ఎవరక్కా? ఏడుస్తున్నావేంటి?"

చెప్పకుండా ఉండొచ్చు. ఎవరో తెలిసినాయన అంటే సరిపోయేది. కానీ ఇక ఒక్క ముక్క కూడా దాచడానికి ఆమెలో ఓపిక లేదు. అంతా చెప్పింది. ముసురు, ఆరేళ్లు, మూత తియ్యని పన్నెండు ట్యూబులు, పావురాలు. ఆ పిల్ల చేతిలో చీటీ అలాగే పట్టుకుని వింది.

"అంటే అక్కా," అంది నెమ్మదిగా. గొంతులో కోపం లేదు, లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా అడిగింది. "మీ ఇద్దరికీ ఉత్తరాలు రావాలని నా నాలుగేళ్లు పోయాయా?"

కుందేలక్క చాలా జవాబులు వెతుక్కుంది. పెద్దసారు కూడా అడగలేదు, మిగతావాళ్లు కూడా చెప్పలేదు, అప్పుడు నువ్వింకా చేరలేదు. అన్నీ నిజాలే. ఏదీ నోటికి రాలేదు.

"అవునమ్మా" అంది.

ఆ పిల్ల తల ఊపింది. మిగిలిన చీటీలన్నీ ఒక్కొక్కటే చదివి, సర్ది, పెట్టె మూసింది. చేతులు కడుక్కుని, సంచీ తీసుకుని, ఆ పూట ఏమీ చెప్పకుండానే వెళ్లిపోయింది. మళ్లీ రేపు మామూలుగా మాట్లాడుతుందో లేదో కుందేలక్కకి తెలియదు. మాట్లాడకపోయినా అడిగే హక్కు తనకి లేదని మాత్రం తెలుసు.

ల్యాబు ఖాళీ అయ్యాక కాగితం తీసుకుని ముసురాయనకి ఉత్తరం రాసింది. ట్యూబు లేకుండా రాసిన మొదటి ఉత్తరం అది. ఒక్క వాక్యం రాసి, మడిచి, చిరునామా అతికించింది.

"ఇకమీదట ఉత్తరం కావాలంటే ఉత్తరమే అడగండి, నేనూ అలాగే అడుగుతాను."